విప్పి చూసినాయన: జి.డి. నాయుడు జీవితం

ఈసారి మన గోడపత్రిక అంశం సూర్యశక్తి అని మేడమ్ బోర్డు మీద రాయగానే నాకు చిక్కొచ్చిపడింది. సైన్సు వాళ్లయితే ప్యానెల్ బొమ్మ గీసి, బాణం గుర్తులు పెట్టి, అతికించేసి వెళ్లిపోతారు. నేను బి.ఏ. రెండో సంవత్సరం. ప్లస్ టూలో కూడా ఫిజిక్స్ చదవలేదు. రెండు రోజులు ఆలోచిస్తే నాకు గుర్తొచ్చింది ఒక మనిషి. ఆయనకి సోలార్‌తో పేరు రాలేదు. ఆయన పోయి యాభై ఏళ్లు దాటింది. అయినా మా తోటలో ఎండతో తిరిగే మోటరు గురించి రాయాలంటే ఆయన దగ్గరే మొదలుపెట్టాలి. ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది.

ఆయన జి.డి. నాయుడు. పూర్తి పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. కోయంబత్తూరు అవినాశి రోడ్డు మీద బస్సులో వెళ్లినవాళ్లందరూ ఆయన పేరు ఎక్కడో ఒకచోట చదివే ఉంటారు. తమిళ పుస్తకాల్లో ఆయన్ని మన దేశపు ఎడిసన్ అని రాస్తారు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో మాత్రం ఆయన నాకు ఎక్కడా కనిపించలేదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మన ఇళ్లలాగే ఆయన ఇల్లూ అంతే. రెండు భాషల మధ్య పుట్టినవాళ్లని రెండు వైపులా పూర్తిగా సొంతం చేసుకోరని మా నాయన అప్పుడప్పుడు నవ్వుతూ అంటుంటాడు. కాబట్టి మన గోడ మీదైనా ఆయనకి కొంచెం చోటు ఇద్దామనిపించింది.

ఆయన పుట్టింది 1893 మార్చి 23న, సూలూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో. వ్యవసాయ కుటుంబం. తల్లి చిన్నప్పుడే పోయింది. బడి అంటే అస్సలు పడేది కాదు. పలక పట్టుకుని కూర్చోబెడితే అయ్యవారి మీద ఇసుక చల్లి పారిపోయేవాడని ఇప్పటికీ కథగా చెప్పుకుంటారు. చదువు మూడో తరగతి దాటలేదు. కానీ చదవడం మానలేదు. బడి వదిలాక దొరికిన తమిళ పుస్తకమల్లా తనంతట తనే చదువుకున్నాడు. బడి మీద కోపం వేరు, చదువు మీద ఇష్టం వేరు అని ఈయన్ని చూస్తే తెలుస్తుంది.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకి పోతాను. ఇలాంటి కథలు పిల్లలకి చెప్పి, చూశారా, చదువు లేకపోయినా ఎంత గొప్పవాడయ్యాడో అంటారు. నాకు అది వినడానికి బాగుంటుంది కానీ నమ్మబుద్ధి కాదు. అదే రోజుల్లో, అదే పల్లెలో ఒక ఆడపిల్ల అయ్యవారి మీద ఇసుక చల్లి ఉంటే ఆమె గురించి ఎవరైనా పుస్తకం రాసేవాళ్లా? అసలు ఆమెను బడికి పంపేవాళ్లా? కాబట్టి ఆయన బడి మానడం నుంచి మనం నేర్చుకునేది ఏమీ లేదు. నేర్చుకోవలసింది ఆ తర్వాత ఆయన చేసిన పనిలో ఉంది.

ఆ పని ఒక మోటార్ సైకిల్‌తో మొదలైంది. కుర్రతనంలో ఉండగా ఒకరోజు ఒక తెల్లదొర, రెవెన్యూ ఆఫీసరు, మోటార్ సైకిల్ మీద ఆ ఊరికి వచ్చాడు. ఎద్దు లేకుండా, గుర్రం లేకుండా బండి తనంతట తనే పోవడం ఆయన అంతకుముందు చూడలేదు. అది చూసినప్పటి నుంచి మనసు మనసులో లేదు. ఊరు విడిచి కోయంబత్తూరుకి వెళ్లి ఒక హోటల్లో సర్వర్‌గా చేరాడు. టేబుళ్లు తుడిచి, కాఫీలు అందించి, మూడేళ్లు కూడబెట్టి, ఆ దొర దగ్గరికే వెళ్లి 300 రూపాయలకి ఆ బండినే కొన్నాడని చెబుతారు. కొన్నాక ఊళ్లోవాళ్లకి చూపించుకుంటూ తిరగలేదు. ఇంటికి తెచ్చి ఒక్కో మర విప్పి నేల మీద పరిచాడు. ఏది ఎందుకు ఉందో చూశాడు. మళ్లీ అన్నీ బిగించాడు. విప్పడం, చూడడం, బిగించడం. ఆయన జీవితమంతా ఈ మూడు పనులే అని నాకనిపిస్తుంది. తర్వాత వచ్చిన బస్సులు, మోటర్లు, రేడియోలు అన్నీ ఆ నేల మీద పరిచిన మరల నుంచి వచ్చినవే.

మధ్యలో పత్తి వ్యాపారం చేశాడు. మొదటి ప్రపంచ యుద్ధం రోజులవి. తిరుప్పూరు వైపు పత్తికి మంచి గిరాకీ. డబ్బు వచ్చింది. వచ్చిన డబ్బుతో బొంబాయి పత్తి బజారులోకి దిగి పోగొట్టుకున్నాడు కూడా. మన కొంగునాడులో పత్తిలో లాభం చూసి, పత్తిలోనే మునిగినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు కాబట్టి దీన్ని వివరించక్కర్లేదు.

చేతులు ఖాళీ అయిన ఆ మనిషికి కోయంబత్తూరులో వ్యాపారం చేస్తున్న ఇంగ్లీషు దొర రాబర్ట్ స్టేన్స్ అండగా నిలబడ్డాడు. ఆయన సాయంతో 1920లో ఒక బస్సు కొన్నాడు. డ్రైవరు తనే. ఆ బస్సు నడిచిన దారి ఏదో తెలుసా? పొల్లాచ్చి నుంచి పళనికి. అంటే మన ఉడుమలైపేట మీదుగానే. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. రోజూ పొద్దున నేను కాలేజీకి వచ్చే దారి అదే. రెండు పక్కలా చింతచెట్లు, కొబ్బరితోటలు, దక్షిణాన ఆనైమలై కొండలు. నూరేళ్ల క్రితం ఈ దారిలో ఎక్కువ ఎడ్లబండ్లే. ఆ బండ్ల మధ్య దుమ్ము లేపుకుంటూ, పళనికి మొక్కు తీర్చుకోవడానికి పోయేవాళ్లని ఎక్కించుకుని, సుమారు అరవై కిలోమీటర్లు తనే నడుపుకుంటూ పోయేవాడు. మా అవ్వ వాళ్ల అవ్వ ఆ బస్సు ఎక్కిందో లేదో చెప్పేవాళ్లు ఇప్పుడు లేరు. ఎక్కే ఉంటుందని నేను అనుకుంటాను.

ఒక బస్సు రెండయింది, రెండు పదయ్యాయి. యు.ఎమ్.ఎస్. అనే ఆయన కంపెనీ కొన్నేళ్లలోనే దేశంలో బాగా నడిచే బస్సు కంపెనీల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. బస్సులు పాడవుతాయి కాబట్టి వర్క్‌షాపు కావాలి. వర్క్‌షాపు ఉంటే పనివాళ్లకి పని నేర్పాలి. పని నేర్చినవాళ్లు ఊరికే ఉండరు, ఇంకోటి చేద్దామంటారు. అలా బస్సుల నుంచి ఫ్యాక్టరీలు పుట్టాయి.

విదేశాలు తిరిగాడు. 1936లో లండన్‌లో ఐదో జార్జి రాజు అంత్యక్రియలు జరిగితే తన కెమెరాతో చిత్రీకరించాడు. చిన్న బ్యాటరీలతో నడిచే గడ్డం గీసుకునే యంత్రం ఒకటి రూపొందించాడు. దాని పేరు రాసంత్. అది జర్మనీలో తయారై అమ్ముడయింది. మూడో తరగతి చదివిన కలంగల్ కుర్రాడు చేసిన యంత్రంతో యూరప్‌లో మగవాళ్లు గడ్డాలు గీసుకున్నారు. కిరసనాయిలుతో తిరిగే ఫ్యాను, పళ్లరసం తీసే యంత్రం, ఓట్లు నమోదు చేసే యంత్రం, ఇలా ఆయన చేసినవి రాస్తూ పోతే ఈ గోడ చాలదు. అందుకే వాటన్నిటినీ పక్కన పెట్టి ఒక్కదాని దగ్గర ఆగుతాను.

అది 1937లో వచ్చిన కరెంటు మోటరు.

అంతకుముందు మన దేశంలో తిరిగే మోటర్లు బయటి దేశాల నుంచి వచ్చేవి. పీలమేడులో నాయుడు గారు నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ పెట్టి, డి. బాలసుందరం నాయుడు గారితో కలిసి మన దేశంలోనే తయారైన మొదటి మోటరును బయటికి తెచ్చారు. ఈ బాలసుందరం గారే తర్వాత టెక్స్‌టూల్ కంపెనీ పెట్టారు. మోటరు అంటే పెద్ద రహస్యం కాదు. రాగి తీగ చుట్టలో కరెంటు పారితే ఆ చుట్ట అయస్కాంతం అవుతుంది. ఆ లాగుడుకీ తోపుడుకీ మధ్యలో ఉన్న ఇరుసు తిరుగుతుంది. అంతే. కానీ ఆ అంతేలో ఎంత ఉందో తెలియాలంటే అంతకుముందు బాయి ఎలా ఉండేదో తెలియాలి.

మా అవ్వ చెప్పింది రాస్తాను. మోటరు రాకముందు బాయి దగ్గర కపిల ఉండేది. రెండు ఎడ్లు వాలుగా ఉన్న బాటలో ముందుకి దిగితే తోలుబాన నీళ్లతో పైకి వచ్చేది. మళ్లీ వెనక్కి నడిస్తే కిందికి పోయేది. తెల్లవారకముందే మొదలుపెట్టి ఎండెక్కేదాకా, మళ్లీ సాయంత్రం. మగవాళ్లు ఎడ్లు తోలేవాళ్లు. ఆడపిల్లలు చేలో నిలబడి మడవ తిప్పేవాళ్లు. ఒక మడి నిండగానే గట్టు తెంచి ఇంకో మడికి. మన ప్రాంతంలో వాన తక్కువ, బావులు లోతు. ఎంత తోలినా ఎకరం తడవడానికి ఎంతో సేపు పట్టేది. అవ్వ వాళ్ల అక్క బడికి వెళ్లకపోవడానికి కారణం అడిగితే అవ్వ ఒక్క మాటలో చెప్పింది. మడవ తిప్పడానికి మనిషి కావాలి కాబట్టి.

అందుకే మోటరు రావడం మిషన్ల కథ మాత్రమే కాదంటున్నాను. మోటరు వచ్చాక ఎడ్లకి విశ్రాంతి దొరికింది, బాయి దగ్గర కొన్ని గంటలు మిగిలాయి. అన్ని ఇళ్లలోనూ ఆ గంటలు ఆడపిల్లల చదువుకి పోయాయని నేను చెప్పను. కానీ మా ఇంట్లో అవ్వ ఐదో తరగతి దాకా చదివింది. అమ్మ పదో తరగతి. నేను ఇక్కడ ఉన్నాను.

ఇంకో విశేషం చూడండి. మోటరు తిరగడానికి కరెంటు ఎక్కడి నుంచి వచ్చింది? నీలగిరిలో పైకారా నది నీళ్లు కొండ మీద నుంచి కిందికి పడే బలంతో తయారయ్యే కరెంటు 1930ల మొదట్లో కోయంబత్తూరుకి చేరింది. బొగ్గు కాల్చలేదు, పొగ రాలేదు. ఇప్పుడు మనం తరిగిపోని శక్తి అని పెద్ద మాట వాడుతున్నాం. మన జిల్లాలో మిల్లులకీ బావులకీ వెలుగునిచ్చిన పాత కరెంటే తరిగిపోని శక్తి. నీళ్లు పైకి పోయి మబ్బవడానికి ఎండ కావాలి కాబట్టి అది కూడా ఒక లెక్కలో సూర్యుడి కరెంటే. అంటే కొండ మీద నీరు, ఊళ్లో మోటరు. ఒకటి ఉండి రెండోది లేకపోతే బాయిలో నీళ్లు పైకి రావు. శక్తి ఎక్కడి నుంచి వస్తుందో అందరూ మాట్లాడతారు. దాన్ని పనిగా మార్చే వస్తువును మన ఊళ్లో మనం చేసుకోగలమా అని అడిగినవాడు నాయుడు గారు.

చేస్తే సరిపోదు, చవగ్గా ఉండాలి అనేది ఆయన రెండో పట్టుదల. 1941లో ఐదు వాల్వుల రేడియోను 70 రూపాయలకి ఇవ్వగలనన్నాడు. 1952లో ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు చేసి 2000 రూపాయలకి అమ్ముతానన్నాడు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. ఆ కారు రోడ్డు మీదికి రాలేదు. అది గనక వచ్చి ఉంటే అని మా నాయన ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. నాకు మాత్రం ఆ కారు కంటే, ఆయన ఒక కాలేజీ ప్రిన్సిపాల్ పదవి వదిలేసిన సంగతి ఎక్కువ గుర్తుంటుంది.

1945లో ఆయన చొరవతో, విరాళంతో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరు మీద పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కాలేజీ వచ్చాయి. ఆర్థర్ హోప్ అప్పటి మద్రాసు గవర్నరు. ఆ ఇంజనీరింగ్ కాలేజీనే తర్వాత ప్రభుత్వ సాంకేతిక కళాశాల అయింది. దానికి మొదట్లో ప్రిన్సిపాల్‌గా ఉన్నది ఎవరనుకుంటున్నారు? మూడో తరగతి నాయుడు గారే. నాలుగేళ్ల ఇంజనీరింగ్ కోర్సు పిల్లల కాలాన్ని వృథా చేయడమే అనీ, రెండేళ్లు చాలనీ ఆయన వాదన. రేడియో పనీ, మోటరు పనీ లాంటివి ఇంకా తక్కువ కాలంలో నేర్పుతానన్నాడు. అప్పటి బ్రిటిష్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన పదవి వదిలి బయటికి వచ్చేశాడు.

నాలుగేళ్ల చదువు దండగ అన్న మాట నేను ఒప్పుకోను. మన మేడమ్‌లు కూడా ఒప్పుకోరు. వంతెన కట్టేవాళ్లు తొందరపడి నేర్చుకుంటే మనకే ప్రమాదం. కానీ ఆయన అడిగిన ప్రశ్నలో ఒక సగం నిజం ఉంది. వస్తువు చేసేవాడికి పెద్ద చదువు కావాలి. అది పాడైతే బాగు చేసేవాళ్లు ఊరికి ఒకరైనా కావాలి. వాళ్లకి నాలుగేళ్లు అక్కర్లేదు. విప్పి చూసే ధైర్యం, నేర్పే ఒక మనిషి, కొన్ని నెలలు చాలు.

చివరి రోజుల్లో తన వస్తువులన్నీ జనం చూడడానికి పెట్టాడు. అవినాశి రోడ్డు మీద ఆయన పేరుతో ఉన్న ఆ ప్రదర్శనశాలకి నేను మా మేనమామతో వెళ్లాను. రేడియోలు, కెమెరాలు, గడ్డం యంత్రాలు వరసగా ఉన్నాయి. ఒక్కో వస్తువు ముందు నిలబడితే ఇది ఎలా పనిచేస్తుంది అని కాక, ఇది ఎందుకు ఇలాగే ఉండాలి అని ఒక మనిషి అడిగినట్టు ఉంటుంది. 1974 జనవరి 4న, ఎనభై ఏళ్ల వయసులో ఆయన పోయాడు.

ఆయన బతికుండగానే, 1954లో, అమెరికాలో బెల్ ప్రయోగశాలవాళ్లు ఎండను నేరుగా కరెంటుగా మార్చే సిలికాన్ సెల్‌ను లోకానికి చూపించారు. అప్పటికి నాయుడు గారికి 61 ఏళ్లు. అప్పట్లో అది ఉపగ్రహాలకి తప్ప ఎవరికీ అందనంత ఖరీదు. ఇప్పుడు చూడండి. 2016లో రామనాథపురం జిల్లా కముదిలో 648 మెగావాట్ల సోలార్ కేంద్రం వచ్చింది. ఆంధ్రలో కర్నూలు దగ్గర ఓర్వకల్లులో 1000 మెగావాట్లు. కర్ణాటకలో తెలుగు మాట్లాడే పావగడలో అంతకు రెండింతలు. మన ఊరి చుట్టూ అయితే గాలిమరలు ఉండనే ఉన్నాయి. ఆడి నెలలో పాలక్కాడు కనుమ నుంచి గాలి ఊపేసినప్పుడు గుడిమంగళం, పెదప్పంపట్టి వైపు ఎక్కడ చూసినా రెక్కలే. గాలిమర అంటే తిరగేసిన మోటరే. మోటరుకి కరెంటు ఇస్తే ఇరుసు తిరుగుతుంది. ఇరుసును గాలి తిప్పితే కరెంటు వస్తుంది.

ఇక మా తోట సంగతి. బాయికి కరెంటు కనెక్షన్ కోసం చాలామందిలాగే మేమూ ఏళ్లు ఎదురుచూసి, చివరికి సబ్సిడీతో సోలార్ పంపు పెట్టించుకున్నాం. 5 హెచ్.పి. మోటరు, 15 ప్యానెళ్లు. చిత్తిరై నెలలో బిగించారు. ఆరు నెలలు బంగారంలా నడిచింది. మార్గళి వచ్చేసరికి మధ్యాహ్నం మూడు దాటితే నీళ్లు సన్నగిల్లి ఆగిపోయేవి. కంపెనీ మనిషికి ఫోన్ చేస్తే మూడు వారాలకి వచ్చాడు. పది నిమిషాలు చూసి మోటరు పోయింది, మార్చాలి, వేలల్లో అవుతుందన్నాడు. నాయన ముఖం చూడలేకపోయాను. టమాటా కాపు మీద ఉంది.

నేను తీగలు ముట్టుకోలేదు. ముట్టుకోకూడదు కూడా. స్విచ్ ఆపినా ప్యానెల్ మీద వెలుతురు ఉన్నంతసేపూ వాటి తీగల్లో కరెంటు ఉంటుంది. సెలవులు కాబట్టి నోట్‌బుక్ పట్టుకుని బాయి గట్టున కూర్చున్నాను. గంటకోసారి పైపులో నీళ్లు ఎలా వస్తున్నాయో, ప్యానెళ్లు ఎలా ఉన్నాయో రాశాను. రెండో రోజు మూడు దాటాక కనిపించింది. నైరుతి మూల కొబ్బరిచెట్టు నీడ పాకుతూ వచ్చి చివరి మూడు ప్యానెళ్ల మీద పడింది. పైపులో నీళ్లు తగ్గాయి. నీడ పడిన చోట రాయి పెట్టాను. మూడో రోజు అదే వేళకి నీడ అదే రాయి దగ్గరికి వచ్చింది, నీళ్లు మళ్లీ తగ్గాయి.

చిత్తిరైలో సూర్యుడు నడినెత్తిన పోతాడు. చెట్టు నీడ ప్యానెళ్ల దిక్కుకి రాదు. మార్గళిలో దక్షిణానికి వాలి పోతాడు కాబట్టి సాయంత్రం నీడ పొడుగై ఈశాన్యానికి సాగుతుంది. ప్యానెళ్లన్నీ ఒకే వరసలో కలిపి ఉంటాయి. కళ్లంలో బంతి కట్టిన ఎడ్లలో ఒకటి మొరాయిస్తే మిగతావీ ఎలా నెమ్మదిస్తాయో, మూడింటి మీద నీడ పడితే వరసంతా అలా బలం తగ్గిపోయింది. మోటరుకి ఏమీ కాలేదు. చెట్టు కొట్టేద్దామంటే అవ్వ ఒప్పుకోలేదు, అది ఆమె చేతులతో నాటింది. ఆ మూడు ప్యానెళ్ల స్టాండును తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని పిలిచి తూర్పుకి జరిపించాం. మోటరు మార్చే ఖర్చు తప్పింది, టమాటా దక్కింది.

ఇందులో నా తెలివేం లేదు. గంటకోసారి లేచి చూశాను, అంతే. కానీ ఆ రోజు నుంచి జి.డి. నాయుడు గారు నాకు ప్రదర్శనశాలలో ఫోటోగా కాక, బాయి గట్టున పక్కన కూర్చున్న మనిషిగా కనిపిస్తున్నారు. ఎండ ఖర్చు లేకుండా వస్తుంది. దానికి బిల్లు లేదు. కానీ ఊరి మనుషులకి దాని పని తెలియకపోతే, దూరం నుంచి ఎవరో వచ్చి మోటరు పోయిందంటే నమ్మాల్సిందే. 1937కి ముందు మోటరు కోసం సముద్రం అవతలికి చూసినట్టు, మనం మళ్లీ ఎవరి వైపో చూస్తూ కూర్చుంటాం.

అందుకే నేను ఒకటి అనుకున్నాను. వచ్చే వేసవి సెలవుల్లో సోలార్ పంపులు బిగించడం, బాగు చేయడం నేర్పే మూడు నెలల కోర్సుకి దరఖాస్తు తెచ్చుకున్నాను. ఆర్ట్స్ వాళ్లని తీసుకుంటారా అని అడిగితే, కూర్చోండి చూద్దాం అన్నారు. నాయన సంతకం పెట్టాడు. అమ్మ ఇంకా పెట్టలేదు. కరెంటు పని ఆడపిల్లకి ఎందుకు, బి.ఏ. అయ్యాక బి.ఎడ్. చేసి టీచర్ అవ్వచ్చు కదా అంటుంది. ఆమె భయం నాకు అర్థమవుతుంది. ఆమె చూసిన ఎలక్ట్రీషియన్లందరూ మగవాళ్లే. నేను టీచర్ అవ్వనని కూడా అనలేదు. రెండూ ఎందుకు కాకూడదని మాత్రం అడుగుతున్నాను.

అమ్మకి తెలుగు మాట్లాడడమే వచ్చు, చదవడం రాదు. చదువంతా తమిళంలోనే. ఈ అక్షరాలు నేనైనా ఈ శాఖలో చేరాకే సరిగా నేర్చుకున్నాను. కాబట్టి ఈ గోడ మీద రాసింది ఆమె తనంతట తాను చదువుకోలేదు. ఈ కాగితం అతికించే ముందు ఇంటికి తీసుకెళ్లి, ఈ రాత్రి అన్నాలయ్యాక, ఆమెకి చదివి వినిపిస్తాను. దరఖాస్తు పక్కనే పెట్టుకుంటాను.

ద్వితీయ సంవత్సరం బి.ఏ. విద్యార్థిని